బద్దె పురుగును డీఎన్‌ఏతో గుర్తించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మలంలో తెల్లటి రిబ్బను ముక్కలాంటిది కనిపించిందనో, స్కానింగ్‌లో మెదడులో "పురుగు తిత్తి" ఉందన్నారనో కంగారుగా అడిగేవాళ్ళకి నేను ఎక్కువసార్లు చెప్పిన జవాబులివి. నేను పరాన్నజీవుల ల్యాబ్‌లో పనిచేస్తాను. మందు రాసేది డాక్టరు గారు. వచ్చింది ఏ పురుగో తేల్చడం మా పని. ఆ పేరు తేలకుండానే చాలామంది మాత్ర వేసుకుని ఊరుకుంటున్నారు, నా బాధంతా అదే.

బద్దె పురుగు, నులిపురుగు ఒకటేనా?

కాదు. నులిపురుగులు, ఏలిక పాములు, కొంకి పురుగులు గుండ్రంగా దారంలాగానో వానపాములాగానో ఉంటాయి. బద్దె పురుగు టేపులా బల్లపరుపుగా, ఒకదానికొకటి అతికించిన వందల ముక్కలుగా ఉంటుంది. తలతో పేగు గోడను పట్టుకుంటుంది. మెడ దగ్గర కొత్త ముక్కలు పుడుతూ ఉంటే, తోక వైపు ముదిరిన ముక్కలు గుడ్లతో నిండి తెగి మలంలో పడిపోతుంటాయి.

ఇంకో మాట. ఫిబ్రవరి 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకి ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఏలిక పాములు, కొంకి పురుగుల లాంటి మట్టి ద్వారా వచ్చే పురుగుల కోసం. ఆ ఒక్క మాత్రతో బద్దె పురుగు కూడా పోయిందని అనుకోకండి.

మైక్రోస్కోపులో గుడ్లు కనిపించాయి. మళ్ళీ జన్యు పరీక్ష ఎందుకు?

ఎందుకంటే ఆ గుడ్లు ఎవరివో మైక్రోస్కోపు చెప్పలేదు. మనుషుల పేగుల్లో పెరిగే టీనియా జాతి పురుగులు ముఖ్యంగా మూడు. పంది మాంసం ద్వారా వచ్చేది టీనియా సోలియం. బీఫ్ ద్వారా వచ్చేది టీనియా సాజినేటా. పంది కాలేయం లాంటి లోపలి అవయవాలు సరిగా ఉడికించకుండా తినడం వల్ల వచ్చేది టీనియా ఏషియాటికా. ఈ మూడోది తూర్పు, ఆగ్నేయ ఆసియా దేశాల్లో కనిపిస్తుంది, దానికి విడిగా పేరు పెట్టింది 1993లోనే. మూడింటి గుడ్లూ ఒకేలా గోధుమ రంగులో, గుండ్రంగా, మందమైన చారల పెంకుతో ఉంటాయి. పాతికేళ్ళ అనుభవం ఉన్న టెక్నీషియన్ కూడా "టీనియా గుడ్లు" అని రాయగలరంతే. అంతకు మించి ఎవరైనా రాశారంటే ఊహించి రాసినట్టే.

ముదిరిన ముక్క దొరికితే కొంత నయం. దాని లోపలి గర్భసంచి కొమ్మల్ని లెక్కపెడతాం. ఒక వైపు 7 నుంచి 13 ఉంటే సోలియం, 12 నుంచి 30 ఉంటే సాజినేటా అని పుస్తకాల్లో ఉంటుంది. 12, 13 దగ్గర రెండూ కలిసిపోతాయని మీరే గమనించి ఉంటారు. పైగా ముక్క ఎండిపోయినా, నలిగిపోయినా ఆ కొమ్మలు కనబడవు. తల దొరికితే అసలు సందేహమే ఉండదు: సోలియం తలకి కొక్కేలుంటాయి, సాజినేటాకి ఉండవు. కానీ తల చేతికి రావడం చాలా అరుదు.

పేరేదైతే ఏంటి, మాత్ర ఒకటే కదా?

ఈ ప్రశ్న డాక్టర్లు కూడా అడుగుతారు. పేగులో పురుగును చంపే మందులు చాలావరకు ఒకటే, నిజమే. తేడా అంతా గుడ్లలో ఉంది.

సాజినేటా గుడ్డు మనిషి పొట్టలోకి పోతే ఏమీ కాదు. అది పశువులోనే పెరుగుతుంది. సోలియం గుడ్డు అలా కాదు. అది పందికీ మనిషికీ తేడా చూడదు. గుడ్డు మింగితే లోపలి పిల్ల పురుగు పేగు గోడ దాటి, రక్తంలో కలిసి, కండరాల్లోనో కంట్లోనో మెదడులోనో తిత్తి కడుతుంది. మెదడులో కడితే దాన్ని న్యూరోసిస్టిసెర్కోసిస్ అంటారు. ఫిట్స్ రావడానికి అదొక పెద్ద కారణం. సోలియం వ్యాప్తి ఉన్న ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో దాదాపు 30 శాతం దీనివల్లే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తమిళనాడులోని వేలూరు ప్రాంతంలో జరిగిన అధ్యయనంలోనూ, ఫిట్స్‌తో బాధపడుతున్నవాళ్ళలో సుమారు మూడో వంతు మందికి ఇదే కారణమని తేలింది.

ఒక్క సోలియం ముక్కలో 50,000 వరకు గుడ్లుండొచ్చు. ఆ పురుగున్న మనిషికి పెద్దగా బాధ ఉండదు. కాస్త కడుపు నొప్పి, అప్పుడప్పుడు వికారం. కొందరికి అదీ ఉండదు. కానీ ఏళ్ళ తరబడి గుడ్లు బయటికి వస్తూనే ఉంటాయి. ఆ చేతులు సబ్బుతో కడగకుండా వంట చేస్తే ఇంట్లో పిల్లల మెదడుకు ముప్పు. అందుకే రిపోర్టులో "టీనియా" అన్న ఒక్క మాట చూసి ఊరుకోవద్దంటాను. సాజినేటా అయితే ఆ మనిషికి వైద్యం చేస్తే సరిపోతుంది. సోలియం అయితే ఇంటిల్లిపాది గురించీ ఆలోచించాలి.

మందు విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. పేగులో పురుగుకి ఇచ్చే ప్రాజిక్వాంటెల్ మెదడు దాకా వెళ్ళే మందు. సోలియం ఉన్న మనిషికి మెదడులో తెలియని తిత్తులుంటే, ఈ మందుకి అవి వాచి ఫిట్స్ రావచ్చు. నిక్లోసమైడ్ అనే ఇంకో మందు పేగు దాటి రక్తంలోకి దాదాపు వెళ్ళదు. ఏది ఇవ్వాలో డాక్టరు గారు నిర్ణయిస్తారు. ఆ నిర్ణయానికి పురుగు పేరు పనికొస్తుంది. మెడికల్ షాపులో అడిగి సొంతంగా కొనుక్కోవద్దు.

మేం మాంసమే తినం. మా బాబు మెదడులో తిత్తి ఉందంటున్నారు. క్యాబేజీ వల్ల వచ్చిందా?

ఇది అడిగే తల్లిదండ్రుల ముఖాల్లో భయంతో పాటు అవమానం కూడా కనిపిస్తుంది. "మా ఇంట్లో గుడ్డు కూడా వండం అండీ" అంటారు. ముందుగా ఒకటి చెప్పాలి: ఇందులో మీరు చేసిన తప్పేమీ లేదు.

పంది మాంసంలోని తిత్తిని తింటే పేగులో పురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తి రావాలంటే గుడ్డు మింగాలి. ఆ గుడ్డు పంది నుంచి రాదు, పేగులో పురుగున్న మనిషి మలం నుంచే వస్తుంది. కాబట్టి శాకాహారికి మెదడులో తిత్తి రావడంలో వింతేమీ లేదు.

దీనికి వైద్య చరిత్రలో ఒక గట్టి ఉదాహరణ ఉంది. న్యూయార్క్‌లో పంది మాంసం మత నియమంగా ముట్టని సనాతన యూదుల కుటుంబాల్లో నలుగురికి న్యూరోసిస్టిసెర్కోసిస్ వచ్చింది. 1992లో ఆ వివరాలు అచ్చయ్యాయి. వెతికితే, లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చి ఆ ఇళ్ళలో పనిచేసేవాళ్ళ వైపు దారి తీసింది. వాళ్ళని నిందించడానికి ఇది చెప్పడం లేదు. తమ పేగులో పురుగుందని వాళ్ళకే తెలియదు.

ఇక క్యాబేజీ. క్యాబేజీలో పుట్టే పురుగు మెదడుకెక్కదు. మురుగు నీళ్ళతో పండించినా, బహిర్భూమికి వెళ్ళే చోట పండించినా, ఏ కూరగాయ మీదైనా, ఏ ఆకుకూర మీదైనా గుడ్లు అంటుకోవచ్చు. పొరలు పొరలుగా ఉండే క్యాబేజీని సరిగా కడగడం కష్టం కాబట్టి నింద దాని మీద పడింది. బాగా ఉడికించి తింటే భయం లేదు. పచ్చిగా తినేవి ధారగా పారే నీళ్ళలో కడగండి.

జన్యు పరీక్ష అంటే మా డీఎన్‌ఏ చూస్తారా? ఇది వంశపారంపర్యమా?

కాదు. మేం చదివేది పురుగు డీఎన్‌ఏ. కోవిడ్ రోజుల్లో ముక్కులోంచి స్వాబ్ తీసి ఆర్టీపీసీఆర్ చేశారు కదా, అక్కడ వెతికింది వైరస్ కోసం. ఇక్కడ వెతికేది బద్దె పురుగు కోసం. మీ వంశం గురించి ఈ పరీక్ష ఏమీ చెప్పదు.

ల్యాబ్‌లో అసలేం చేస్తారు?

మొదట గుడ్డు పెంకు పగలగొట్టాలి. పంది కడుపులోకి చేరేదాకా ఎండకీ వానకీ తట్టుకునేలా తయారైన పెంకు అది, మామూలు రసాయనాలకి లొంగదు. గడ్డకట్టించి కరిగించడం, సన్నటి పూసలతో కలిపి గట్టిగా కుదపడం లాంటివి చేస్తాం. మలంలో ఉండే పైత్య లవణాలు, పిండి పదార్థాలు ఆ తర్వాత చేసే (డీఎన్‌ఏకి లక్షల నకళ్ళు తీసే) పీసీఆర్‌ని అడ్డుకుంటాయి, వాటిని కడిగేయాలి. పురుగు ముక్కే దొరికితే ఈ తంటాలు చాలావరకు తప్పుతాయి. చిటికెడు కణజాలం చాలు.

తర్వాత పీసీఆర్. కణంలో మైటోకాండ్రియా అనే భాగానికి సొంత డీఎన్‌ఏ ఉంటుంది. ఒక్కో కణంలో దానికి చాలా నకళ్ళుంటాయి కాబట్టి రెండు మూడు గుడ్లున్నా దొరికే అవకాశం ఎక్కువ. సోలియం మైటోకాండ్రియా డీఎన్‌ఏ మొత్తం సుమారు 13,700 అక్షరాలు (డీఎన్‌ఏలో వరుసగా ఉండే రసాయన భాగాల్ని అక్షరాలంటాం). అందులో కాక్స్-1 అనే జన్యువు ఒక్కో జాతిలో ఒక్కో రకంగా ఉంటుంది, దాన్నే ఎక్కువగా వాడతాం.

2004లో జపాన్ పరిశోధకులు ఒకే ట్యూబులో అన్నీ తేల్చే పద్ధతి ప్రచురించారు. నమూనాలో సాజినేటా ఉంటే 827 అక్షరాల డీఎన్‌ఏ ముక్క తయారవుతుంది. ఏషియాటికా అయితే 269. సోలియంలో ఆసియా రకమైతే 984, ఆఫ్రికా-అమెరికా రకమైతే 720. ఆ ముక్కల్ని పొడవుని బట్టి వేరుచేసే జెల్ మీద గీత ఎక్కడ పడిందో చూస్తే పేరు తెలిసిపోతుంది. నాకు ఈ పద్ధతంటే ఇష్టం. డీఎన్‌ఏ అక్షరాల్ని వరుసగా చదివే ఖరీదైన సీక్వెన్సింగ్ యంత్రం లేని చోట కూడా పని జరుగుతుంది. యంత్రాలు ఇంకా తక్కువున్న చోట్ల కోసం ల్యాంప్ అనే పద్ధతి ఉంది. అందులో వేడిని పెంచుతూ తగ్గిస్తూ ఉండక్కర్లేదు, ఒకే వేడి దగ్గర పరీక్ష పూర్తవుతుంది.

గీత సరిపోలకపోతేనో, అసలు టీనియా కాదేమో అనిపిస్తేనో సీక్వెన్సింగ్ చేసి, వచ్చిన అక్షరాల వరుసని ప్రపంచ డేటాబేసులో ఉన్నవాటితో పోల్చి చూస్తాం.

ఆ పురుగు ఎక్కడిదో కూడా తెలుస్తుందా?

కొంతవరకు. సోలియంలో ఆసియా రకం, ఆఫ్రికా-అమెరికా రకం అని రెండున్నాయని 2002లో మైటోకాండ్రియా జన్యువుల వల్ల తేలింది. విదేశాల్లో ఉద్యోగం చేసుకుంటున్న మనవాళ్ళకి ఎవరికైనా ఆసియా రకం బయటపడితే, ఇక్కడ ఉన్నప్పుడో సెలవులకి వచ్చినప్పుడో అంటుకుని ఉండొచ్చని అనుమానించవచ్చు. ఊరి పేరు చెప్పేంత వివరం మాత్రం రాదు. మడగాస్కర్ దీవిలో రెండు రకాలూ కనిపించాయి. ఆసియా నుంచీ ఆఫ్రికా నుంచీ జనం వలస వచ్చి కలిసిన చోటు కదా, వాళ్ళ దారుల్నే పురుగులూ పట్టాయి.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకోటి. పందుల్ని, పశువుల్ని పెంచుకోవడం మొదలుపెట్టాక వాటి నుంచి మనకీ పురుగులు వచ్చాయని చాలాకాలం అనుకున్నారు. 2001లో వచ్చిన ఒక విశ్లేషణ దాన్ని తిరగేసింది. సింహాలు, హైనాలు తినే జింకల్నే మన పూర్వీకులూ ఆఫ్రికాలో తింటున్న కాలంలోనే ఈ పురుగులు మనల్ని పట్టాయని, పెంపుడు జంతువులకి అంటించింది మనమేనని దాని వాదన. పందిని అసహ్యించుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

డీఎన్‌ఏ చూడకపోతే తేలని కేసులు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. నాకు బాగా గుర్తున్నవి రెండు.

మొదటిది ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో. చైనా మూలాలున్న 50 ఏళ్ళ మనిషికి తలనొప్పులు, ఫిట్స్ వచ్చేవి. స్కాన్లలో కనిపించిన మచ్చ నాలుగేళ్ళలో మెదడులో ఒక వైపు నుంచి ఇంకో వైపుకి దాదాపు 5 సెంటీమీటర్లు జరిగింది. క్షయ మొదలుకొని ఎన్నో పరీక్షలు చేశారు, ఏమీ తేలలేదు. 2012లో ఆపరేషన్ చేస్తే ఒక సెంటీమీటరు పురుగు బయటపడింది. పిల్ల పురుగు కాబట్టి రూపం చూసి పేరు చెప్పలేరు. కాక్స్-1 చదివితే స్పైరోమెట్రా అనే అరుదైన బద్దె పురుగని తేలింది. కప్పలు, పాముల్ని సరిగా ఉడికించకుండా తినడం వల్ల, కొన్ని చోట్ల పచ్చి కప్ప మాంసాన్ని కంటికి పట్టులా వేయడం వల్ల ఇది వస్తుంది. ఆ బయాప్సీలో మిగిలిన కాస్త కణజాలంతోనే పురుగు జన్యుపటం మొత్తం చదివి 2014లో ప్రచురించారు. అది సుమారు 126 కోట్ల అక్షరాలు. 2013లో చదివిన సోలియంది 12 కోట్ల పైచిలుకే.

రెండోది కొలంబియాలోని మెడెయిన్ నగరంలో. హెచ్‌ఐవీ ఉన్న 41 ఏళ్ళ మనిషికి ఊపిరితిత్తుల్లో, లింఫ్ గ్రంథుల్లో గడ్డలు. చూస్తే క్యాన్సర్‌లాగే ఉంది, కానీ కణాలు మనిషి కణాల కన్నా బాగా చిన్నవి. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీకి నమూనాలు పంపితే అందులో ఉన్నది హైమెనోలెపిస్ నానా అనే మరుగుజ్జు బద్దె పురుగు డీఎన్‌ఏ. రోగనిరోధక శక్తి పోయిన ఆ శరీరంలో పురుగు కణాలే క్యాన్సర్‌లా మారి పెరిగాయి. ఆ సంగతి తేలిన మూడు రోజులకే ఆయన చనిపోయారు. 2015లో ఇది ప్రచురితమైంది. ఇలాంటిది చాలా చాలా అరుదు, భయపడకండి. అయినా ఆ మనిషి గురించి తలుచుకున్నప్పుడల్లా, ముందే తెలిసుంటే అనిపిస్తుంది.

మెదడులో తిత్తిని పీసీఆర్‌తో పట్టుకోవచ్చా?

చాలామందికి ఆ అవసరం రాదు. సీటీ, ఎంఆర్‌ఐలో తిత్తి, దానిలో చుక్కలా పురుగు తల కనిపిస్తే దాదాపు తేలిపోయినట్టే. తోడుగా రక్తంలో యాంటీబాడీల పరీక్ష చేస్తారు. అయితే మన దేశంలో ఎక్కువగా కనిపించేది ఒకే ఒక్క తిత్తి ఉన్న కేసు. అలాంటివాళ్ళకి రక్త పరీక్ష తరచుగా నెగెటివ్ వస్తుంది. "రక్తంలో లేదన్నారు, మరి స్కాన్‌లో ఉందంటారేంటి" అని గొడవపడే ముందు ఇది తెలుసుకోండి. తిత్తులు మెదడు చుట్టూ ఉండే నీటిలో ఉంటే, వెన్ను దగ్గర తీసిన నీటిలో పురుగు డీఎన్‌ఏ దొరకవచ్చు. కణజాలంలో లోతుగా ఉన్న ఒంటరి తిత్తికి ఆ పద్ధతి అంతగా పనిచేయదు.

కాలేయంలో హైడాటిడ్ తిత్తి అన్నారు. అదీ ఇదేనా?

చుట్టమే, వేరే పురుగు. ఎకైనోకాకస్ అనే ఆ బద్దె పురుగు కుక్క పేగులో ఉంటుంది, పొడవు కొన్ని మిల్లీమీటర్లే. కుక్క మలంలోని గుడ్లు మనిషి మింగితే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు కడతాయి. గొర్రెలు, మేకల మందలు, వాటి వెంట కుక్కలు ఉండే చోట ఎక్కువ. ఆంధ్ర ప్రాంతం నుంచి ఈ కేసులు చాలాకాలంగా నమోదవుతున్నాయి. ఆపరేషన్‌లో తీసిన తిత్తి నుంచి డీఎన్‌ఏ చదివి జీ1, జీ3 లాంటి రకాల్ని గుర్తిస్తారు. ఏ జంతువుల మధ్య తిరుగుతున్న రకమో తెలుస్తుంది కాబట్టి, నివారణకి ఎవరి మీద దృష్టి పెట్టాలో పశు వైద్యులకి ఉపయోగం.

పీసీఆర్ తప్పు చెప్పదా?

చెప్పవచ్చు. ఆ రోజు మలంలో గుడ్లు పడకపోతే పురుగున్నా నెగెటివ్ రావచ్చు, అందుకే వేర్వేరు రోజుల నమూనాలు అడుగుతాం. మందు వేసుకున్న కొత్తలో చేస్తే చచ్చిన పురుగు డీఎన్‌ఏ దొరికి పాజిటివ్ రావచ్చు. సాధారణంగా మందు వేసుకున్న నెల తర్వాత ఒకసారి, మూడు నెలల తర్వాత ఇంకోసారి చూడటం మంచిది.

ఏషియాటికా, సాజినేటా విషయంలో ఇంకో చిక్కుంది. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలిసిన సంకర పురుగులు దొరుకుతున్నాయి. మైటోకాండ్రియా ఒకటి చెబితే కణకేంద్రకంలోని జన్యువులు ఇంకోటి చెబుతాయి. రెండూ చూడకుండా కచ్చితంగా చెప్పలేం. సోలియం అవునా కాదా అన్న అసలు ప్రశ్నకి మాత్రం దీనివల్ల ఇబ్బంది లేదు.

ఈ పరీక్ష ఎక్కడ చేస్తారు?

వీధి చివర ల్యాబ్‌లో దొరకదు. పరాన్నజీవుల మీద పరిశోధన జరిగే పెద్ద బోధనాసుపత్రులు, పరిశోధనా సంస్థల్లో చేస్తారు. మీ డాక్టరు గారి ద్వారా, మైక్రోబయాలజీ విభాగం ద్వారా వెళ్ళడమే సరైన దారి. ఇది ఇంకా జిల్లా ఆసుపత్రుల దాకా రావాలని నా గట్టి కోరిక. ఉత్తరప్రదేశ్‌లో పందులు పెంచే ఒక గ్రామీణ సమాజంలో వెతికితే 18.6 శాతం మందికి టీనియా ఉందని 2007లో ప్రచురించారు. వెతకని చోట ఎంతుందో ఎవరికి తెలుసు?

పురుగు ముక్క దొరికింది. ఎలా తేవాలి?

గ్లవ్స్ వేసుకోండి, లేదా చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కోండి. ముక్కని నీళ్ళతో కడిగి, మూత గట్టిగా పట్టే చిన్న డబ్బాలో వేసి, తడి ఆరకుండా కొద్దిగా శుభ్రమైన నీళ్ళు పోసి అదే రోజు తెచ్చేయండి. ఆలస్యమయ్యేలా ఉంటే ఆసుపత్రిలో ఇథనాల్ అడిగి అందులో వేయించండి. కడిగిన నీళ్ళు మరుగుదొడ్డిలోనే పోయాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

కణజాలం కుళ్ళకుండా ఆసుపత్రుల్లో వాడే ఫార్మలిన్ ద్రావణం మాత్రం వద్దు. ఒకసారి ఒక ఆసుపత్రి నుంచి చక్కటి ముక్క, దాదాపు జానెడు పొడవుది, సీసాలో జాగ్రత్తగా ప్యాక్ చేసి పంపారు. అది మూడు వారాలు ఫార్మలిన్‌లో నానింది. డీఎన్‌ఏ చిన్న చిన్న తునకలైపోయింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా గీత పడలేదు. ఆ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారని ఫారంలో రాసి ఉంది. మళ్ళీ నమూనా అడిగేసరికి ఆ రోగి మందు వేసుకోవడం కూడా అయిపోయింది.

సోలియం అని తేలింది. ఇంట్లో మిగతావాళ్ళ సంగతేంటి?

పురుగున్న మనిషికి వెంటనే వైద్యం చేయించాలి. ఆయనకి ఎప్పుడైనా ఫిట్స్ గానీ, విడవని తలనొప్పి గానీ ఉంటే మందుకి ముందే డాక్టరుకి చెప్పాలి. ఆయన గుడ్లు ఆయన నోట్లోకే పోయి ఉండొచ్చు. ఇంట్లో అందరికీ, వంట చేసేవాళ్ళతో సహా, మల పరీక్ష చేయించండి. ఎవరికైనా ఫిట్స్ వచ్చి ఉంటే, ఎంత పాత సంగతైనా సరే, న్యూరాలజిస్టుకి చూపించండి. గుడ్డు మింగిన నెలలకో ఏళ్ళకో గానీ లక్షణాలు బయటపడకపోవచ్చు. వైద్యం పూర్తయి, పరీక్షలో లేదని తేలేదాకా ఆ మనిషి చేత పచ్చళ్ళు కలిపించడం, ముద్దలు పెట్టించడం లాంటివి ఆపండి. ఆయన్ని దూరం పెట్టాల్సిన పని లేదు, ముట్టుకుంటే అంటుకునేది కాదు. మలానికి వెళ్ళాక, అన్నానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కుంటే ఆయన పక్కన కూర్చుని హాయిగా భోజనం చేయవచ్చు.